పది లక్షల్లో ముగ్గురికి వచ్చే జబ్బు మా చెల్లెలికే ఎందుకొచ్చింది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా చెల్లెలి వయసు 34. మూడు నెలల క్రితం కాళ్ల మీద ఎర్రటి చుక్కలు, విపరీతమైన నీరసం వచ్చాయి. ఒకరోజు ఉన్నట్టుండి మాట తడబడితే ఆసుపత్రిలో చేర్చాం. ప్లేట్‌లెట్లు 11 వేలకు పడిపోయాయి. ఇమ్యూన్ టీటీపీ అనే అరుదైన రక్తజబ్బు అన్నారు. తొమ్మిదిసార్లు ప్లాస్మా మార్చారు, స్టెరాయిడ్లు, రిటుక్సిమాబ్ ఇచ్చారు. ఇప్పుడు ఇంటికొచ్చింది, బాగానే ఉంది. నాకే రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఈ జబ్బు పది లక్షల్లో ముగ్గురికి వస్తుందని ఒకచోట, 11 మందికని ఇంకోచోట, 13 మందికని మరోచోట చదివాను. నూటికి 90 మంది చనిపోతారని కూడా ఉంది. ఇందులో ఏది నిజం? ఇంత అరుదైన జబ్బు మా ఇంటికే ఎందుకొచ్చింది? తనకు ఆరేళ్ల పాప, నాకు ఇద్దరు పిల్లలు. వాళ్లకూ వస్తుందా? మళ్లీ తనకు తిరగబెడుతుందా? తను ఇంకో బిడ్డ కావాలనుకుంటోంది. ఏం చెప్పాలో తెలియడం లేదు. – ఒక అక్క

సమాధానం:

ముందు ఆ 90 సంగతి తేల్చేద్దాం. మీ నిద్ర చెడగొడుతున్నది అదే.

ఆ అంకె అబద్ధం కాదు. కానీ అది మీ చెల్లెలి గురించి చెబుతున్న అంకె కాదు. 1966లో అమొరొసి, ఉల్ట్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు అప్పటిదాకా వైద్య పత్రికల్లో నమోదైన కేసులు, తమ దగ్గరికి వచ్చినవి కలిపి 271 మంది వివరాలు పరిశీలించారు. వారిలో నూటికి 90 మంది దాకా చనిపోయారు. అప్పటికి ఈ జబ్బును గుర్తించి 40 ఏళ్లు దాటింది. 1924లో న్యూయార్క్‌లో మోష్కోవిట్జ్ అనే వైద్యుడు 16 ఏళ్ల అమ్మాయి మరణం గురించి రాసిందే మొదటి వివరణ. ఆ అమ్మాయి సన్నటి రక్తనాళాల నిండా గడ్డలు కనిపించాయి. ఎందుకు కట్టాయో ఎవరికీ తెలియదు. కారణమే తెలియనప్పుడు చికిత్స ఎక్కడినుంచి వస్తుంది? చికిత్స లేని రోజుల్లో ఈ జబ్బు ఏం చేసేదో చెప్పే లెక్క అది. మీ చెల్లెలికి తొమ్మిదిసార్లు ప్లాస్మా మార్చారు. ఆ 271 మందిలో ఎవరికీ ఆ అవకాశం లేదు.

తర్వాతి లెక్క చూడండి. 1991లో కెనడా వైద్యులు 102 మందిని రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు బయటి ప్లాస్మా ఎక్కించడం మాత్రమే చేశారు. రెండో గుంపుకు ఒంట్లోని ప్లాస్మా తీసేసి, దాని స్థానంలో దాతల ప్లాస్మా పెట్టారు. ఆరు నెలల తర్వాత మొదటి గుంపులో నూటికి 63 మంది, రెండో గుంపులో నూటికి 78 మంది బతికి ఉన్నారు. ప్లాస్మా మార్పిడి ఈ జబ్బుకు అసలు చికిత్సగా నిలబడింది అప్పుడే. ఆ తర్వాత స్టెరాయిడ్లు, యాంటీబాడీల తయారీని అణచే రిటుక్సిమాబ్ తోడయ్యాయి. 2018, 2019లలో కాప్లసిజుమాబ్ అనే మందుకు యూరప్‌లో, అమెరికాలో అనుమతి దొరికింది. ఫ్రాన్స్‌లో 90 మందికి ఇవన్నీ మొదటి రోజుల నుంచే కలిపి ఇచ్చి, అంతకుముందు పాత పద్ధతిలో చికిత్స పొందినవారితో పోల్చారు. చికిత్సకు లొంగకపోవడం, 30 రోజుల్లోపు చనిపోవడం, ఈ రెండూ కలిపి చూస్తే పాత పద్ధతిలో నూటికి 12 మందికి జరిగింది. కొత్త పద్ధతిలో నూటికి ఇద్దరికి. ఆ ఫలితాలు 2021లో వచ్చాయి.

ఇంకో మాట కూడా ఉంది. ఈ జబ్బులో మరణాలు ఎక్కువగా మొదటి రోజుల్లో, మొదటి వారాల్లోనే జరుగుతాయి. చావుబతుకుల లెక్కలన్నీ ఆసుపత్రి గుమ్మం దగ్గర నిలబడి వేసినవి. మీ చెల్లెలు ఆ గుమ్మం దాటి ఇంటికొచ్చేసింది. ఇక తన విషయంలో చూడాల్సిన లెక్క వేరు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక 3, 11, 13. ఈ మూడూ నిజమే. మూడు వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులవి. అది అర్థం కావాలంటే ఒంట్లో జరిగేది కొంచెం తెలియాలి.

మన రక్తంలో వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ పొడవాటి దారాల్లా ఉంటుంది. ఎక్కడైనా దెబ్బ తగిలితే ప్లేట్‌లెట్లు ఈ దారాలను పట్టుకునే గాయాన్ని మూస్తాయి. దారాలు మరీ పొడవుగా ఉంటే దెబ్బ లేని చోట కూడా ప్లేట్‌లెట్లు వాటికి అతుక్కుంటాయి. అలా జరగకుండా వాటిని ఎప్పటికప్పుడు ముక్కలు చేసే ఎంజైమ్ ఒకటి ఉంది. దాని పేరు ఆడమ్‌టీఎస్-13. కత్తెర అనుకోండి. ఇమ్యూన్ టీటీపీలో మన రోగనిరోధక వ్యవస్థే ఈ కత్తెరకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారు చేస్తుంది. కత్తెర పనిచేయదు, దారాలు తెగవు, సన్నటి నాళాల్లో ప్లేట్‌లెట్ల గడ్డలు కడతాయి. ప్లేట్‌లెట్లన్నీ గడ్డలకే ఖర్చయిపోతాయి కాబట్టి పరీక్షలో సంఖ్య పడిపోతుంది. ఆ ఇరుకుల్లోంచి పోతూ ఎర్ర రక్తకణాలు చిరిగిపోతాయి. నీరసం అందుకే. మెదడులోని నాళాలకు గడ్డలు అడ్డుపడితే మాట తడబడుతుంది.

ఈ కత్తెర సంగతి బయటపడింది 1990ల చివర్లో. ఈ యాంటీబాడీలను 1998లో చూపించారు, జన్యువును 2001లో గుర్తించారు. అంతకుముందు టీటీపీ అంటే లక్షణాలను బట్టి పెట్టిన పేరు. పోలికలున్న రకరకాల జబ్బులన్నీ ఆ పేరు కిందికే వచ్చేవి.

అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో ఈ జబ్బుకు 1989 నుంచి ఒక రిజిస్టరు నడిచింది. అరుదైన జబ్బును లెక్కపెట్టడం మహా కష్టం. ఒక పెద్దాసుపత్రిలో ఇన్ని కేసులు చూశాం అంటే సరిపోదు, అవి ఎంతమంది జనంలోంచి వచ్చాయో తెలియాలి. ఓక్లహోమాలో చాలా జిల్లాలకు ప్లాస్మా మార్పిడి చేసే సంస్థ ఒక్కటే. ఆ ప్రాంతంలో టీటీపీ అనుమానం ఉన్న ప్రతి రోగీ వాళ్ల దగ్గరికి రావాల్సిందే. అంటే పైన రోగుల సంఖ్య తెలుసు, కింద జనాభా తెలుసు. నమ్మదగిన భాగహారం చేయడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఈ రిజిస్టరు నడిపినవారి ఓపికకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. మనం ఈ రోజు ధైర్యంగా చెప్పే మాటల్లో చాలా వాటికి ఆధారం అదే.

అక్కడ 1996 నుంచి 2004 వరకు టీటీపీయో, దానిలాంటిదో అన్న అనుమానంతో ప్లాస్మా మార్పిడికి వచ్చినవారందరినీ లెక్కపెడితే ఏడాదికి పది లక్షల మందికి 11.29 తేలింది. మీరు చదివిన 11 ఇదే. అదే చోట, అవే ఏళ్లలో, కత్తెర నిజంగా బాగా తగ్గిపోయినవారిని మాత్రమే లెక్కపెడితే 1.74 అయింది. జనం మారలేదు, జబ్బు మారలేదు, నిర్వచనం మారింది. అంకె ఆరో వంతుకు పడిపోయింది. తర్వాత ఇంకొన్నేళ్ల కేసులు కలిపి, పెద్దవాళ్లను విడిగా, పిల్లలను విడిగా లెక్కవేస్తే పెద్దవాళ్లలో 2.88 వచ్చింది. మీరు చదివిన ముగ్గురూ వీళ్లే. ఏదైనా రేటు చదివినప్పుడు పైన ఎవరిని లెక్కపెట్టారో, కింద ఎవరిని పెట్టి భాగించారో చూడకపోతే ఇలాగే గందరగోళం అవుతుంది.

13 వేరే రకం లెక్క. అది ఫ్రాన్స్ జాతీయ రిజిస్టరు నుంచి వచ్చింది. ఏడాదిలో కొత్తగా ఎంతమందికి వచ్చింది అన్నది ఒక ప్రశ్న. ఇప్పుడు ఈ జబ్బు చరిత్రతో ఎంతమంది మన మధ్య ఉన్నారు అన్నది మరో ప్రశ్న. 13 రెండో ప్రశ్నకు జవాబు. ఏటా కొత్తగా వచ్చేవాళ్లు పది లక్షల్లో ఒకరిద్దరు, మరి ఉన్నవాళ్లు 13 మంది ఎలా అయ్యారు? వచ్చినవాళ్లు బతికారు కాబట్టి. 1966 నాటి పరిస్థితే ఉంటే ఈ రెండో అంకె ఇంత పెద్దది అయ్యేదే కాదు. ఆ 13 మందిలో ప్రతి ఒక్కరూ జబ్బు వచ్చాక బతికి, ఇంటికెళ్లి, పనుల్లో పడినవాళ్లే. మీ చెల్లెలు ఇప్పుడు అలాంటివాళ్లలో ఒకరు. ఆ అంకె చూసి మీరు భయపడ్డారు. నాకైతే అన్నిటికంటే ధైర్యం ఇచ్చేది అదే.

‘మా ఇంటికే ఎందుకొచ్చింది’ అన్న ప్రశ్నలో తప్పు చేశామా అన్న బాధ దాగి ఉంటుంది. మీ ఉత్తరంలోనూ అది వినిపించింది. తినే తిండి వల్లో, టెన్షన్ వల్లో, ఎవరి అశ్రద్ధ వల్లో ఇది రాలేదు. పది లక్షల్లో ముగ్గురు అంటే వినడానికి అసలు జరగనిదిలా ఉంటుంది. కోటి మంది పెద్దవాళ్లున్న చోట అదే రేటుకు ఏడాదికి దాదాపు 30 మంది అవుతారు. పైగా అది ఒక్క ఏడాది లెక్క. ఒక మనిషి 50 ఏళ్లు పెద్దవాడిగా బతికితే, అదే రేటు ప్రకారం, జీవితకాలంలో ఈ జబ్బు వచ్చే అవకాశం సుమారు ఏడు వేలలో ఒకటి. ఇది నేను వేసిన మోటు లెక్క, కానీ ఉజ్జాయింపుగా సరిపోతుంది. ఏడు వేలలో ఒకరు అంటే ఊహకు అందే మనిషే కదా.

అందరికీ సమానంగా రాదన్నది మాత్రం నిజం. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఎక్కువగా 30, 40, 50 ఏళ్ల ప్రాయంలో మొదలవుతుంది. ఓక్లహోమాలో నల్లజాతీయుల్లో మిగతావారికంటే ఏడెనిమిది రెట్లకు పైగా కనిపించింది. దీనికి కారణం కొంతవరకు జన్యువుల్లో ఉంది. మన కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులు ఉంటాయి, రోగనిరోధక వ్యవస్థ తన పర అని తేల్చుకోవడానికి అవి సాయపడతాయి. యూరప్‌లో చేసిన అధ్యయనాల్లో డీఆర్‌బీ1-11 అనే రకం ఉన్నవారిలో ఈ జబ్బు ఎక్కువగా, డీఆర్‌బీ1-04 ఉన్నవారిలో తక్కువగా కనిపించింది. జపాన్‌లో వేరే రకం బయటపడింది. రక్షణ ఇచ్చే 04 రకం నల్లజాతీయుల్లో తక్కువ. అయినా అదొక్కటే మొత్తం తేడాను వివరించదు. ఆ గుర్తు ఉన్నవారిలో కూడా దాదాపు అందరూ ఈ జబ్బు లేకుండానే జీవిస్తారు. అందుకని హెచ్‌ఎల్‌ఏ పరీక్షల కోసం పరిగెత్తకండి, దానితో మీకు తెలిసేది ఏమీ ఉండదు.

ఇక పిల్లల సంగతి. ఇక్కడ ఒక్క విషయం ఖాయం చేసుకోవాలి. మీ చెల్లెలి రిపోర్టుల్లో ఆడమ్‌టీఎస్-13 పనితనం 10 శాతం కంటే తక్కువ అని ఉంటుంది. దాని పక్కనే యాంటీబాడీ లేదా ఇన్హిబిటర్ ఫలితం కూడా ఉండాలి. అది పాజిటివ్ అయితే ఇది ఇమ్యూన్ రకమే, వంశపారంపర్యంగా వచ్చేది కాదు. ఒకే కుటుంబంలో ఇద్దరికి రావడం అత్యంత అరుదు. పాప విషయంలోనైతే మరీ నిశ్చింతగా ఉండండి. ఓక్లహోమాలో పిల్లల్లో ఈ జబ్బు రేటు పది లక్షలకు 0.09. అంటే కోటి మంది పిల్లల్లో ఏడాదికి ఒక్కరు కూడా కాదు. మీకు గానీ, మీ పిల్లలకు గానీ, పాపకు గానీ ఏ పరీక్షా అవసరం లేదు.

ఒకవేళ యాంటీబాడీ కనిపించలేదని ఉంటే మాత్రం అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఉంది. కత్తెర తయారు చేసే జన్యువే పాడై పుట్టే రకం ఒకటి ఉంది. మొత్తం టీటీపీ కేసుల్లో అది చాలా చిన్న భాగం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, పాడైన జన్యువులు రెండూ వస్తేనే జబ్బు వస్తుంది. అప్పుడు తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి నాలుగో వంతు అవకాశం ఉంటుంది. కొందరు ఆడవాళ్లలో ఇది గర్భం వచ్చినప్పుడే మొదటిసారి బయటపడుతుంది, కాబట్టి పెద్ద వయసులో వచ్చింది కనుక జన్యువులది కాదు అని అనుకోకూడదు. మీ చెల్లెలికి రిటుక్సిమాబ్ ఇచ్చారంటే యాంటీబాడీ రకమనే వాళ్లు నిర్ధారించుకుని ఉంటారు. అయినా ఆ కాగితం ఒకసారి చూపించి అడగండి, ఒక్క నిమిషం పని.

ఇప్పుడు నేను వాయిదా వేసిన లెక్క, తిరగబెట్టడం. ఈ విషయంలో మీకు తీపి మాట చెప్పి పంపించలేను. ముందుజాగ్రత్త చికిత్స లేని రోజుల్లో కోలుకున్నవారిలో నూటికి 30 నుంచి 50 మందికి ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ వచ్చింది. కొందరికి నెలల్లో, కొందరికి ఏళ్ల తర్వాత. రిటుక్సిమాబ్ ఈ అవకాశాన్ని బాగా తగ్గిస్తుంది, మీ చెల్లెలికి అది అందింది. అంతకంటే ముఖ్యం, ఈ జబ్బు చెప్పకుండా రావాల్సిన పని లేదు. ప్లేట్‌లెట్లు పడిపోకముందే కత్తెర పనితనం తగ్గడం మొదలవుతుంది. అందుకే మొదటి మూడు నెలలు నెలకోసారి, తర్వాత ఏడాది నిండేదాకా మూడు నెలలకోసారి, ఆపైన ఆరు నెలలకో ఏడాదికో ఆడమ్‌టీఎస్-13 పరీక్ష చేయించడం చాలా కేంద్రాల్లో వాడుక. పనితనం 20 శాతం కంటే కిందికి దిగితే, ఏ లక్షణం లేకపోయినా, రిటుక్సిమాబ్ మళ్లీ ఇచ్చి దాడిని ముందే ఆపడానికి వైద్యులు ప్రయత్నిస్తారు.

అందుకే లోకం మొత్తం మీద ఎంతమందికి వస్తుందన్న అంకె మీ చెల్లెలికి ఇక పెద్దగా పనికిరాదు. తనకు కావాల్సిన అంకె తన రిపోర్టులోనే ఉంది. రాత్రి మెలకువ వస్తే ఫోన్‌లో 3, 11, 13 వెతకడం మానేసి, వచ్చే ఆడమ్‌టీఎస్-13 పరీక్ష ఏ తేదీనో క్యాలెండర్‌లో రాసిపెట్టండి. ‘బాగానే ఉన్నాను కదా, ఎందుకు’ అని తను వాయిదా వేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. అక్కగా మీరు పట్టుబట్టాల్సిన చోటు ఇదొక్కటే.

ఇంకో బిడ్డ గురించి. గర్భం ఈ జబ్బును తిరగబెట్టించగల పరిస్థితుల్లో ఒకటి, అందుకే తొందర వద్దు. అలాగని తలుపు మూసేయాల్సిన పనీ లేదు. గర్భానికి ముందు కత్తెర పనితనం మామూలుగా ఉన్నవారిలో ఎక్కువమంది సజావుగా బిడ్డను కన్నారు, పనితనం బాగా తక్కువగా ఉన్నవారిలోనే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ముందు హెమటాలజిస్టుతో, అంటే రక్తజబ్బుల డాక్టరుతో మాట్లాడాలి, పనితనం చూసుకోవాలి, రిటుక్సిమాబ్ తర్వాత ఎంతకాలం ఆగాలో వారు చెప్పినట్టు ఆగాలి. గర్భం వచ్చాక కూడా ఆ పరీక్ష తరచూ జరగాలి. ప్రసూతి డాక్టరు, హెమటాలజిస్టు ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోట చూపించుకుంటే మంచిది. ‘వద్దు’ అని మీరు ముందే చెప్పేయకండి. ఆ నిర్ణయం తనది, ఆ సమాచారం తనకు అందేలా చూడటం మీరు చేయగల సాయం.

మీరు అడగని విషయం ఒకటి నేనే చెబుతాను. ఓక్లహోమా రిజిస్టరులో బతికి బయటపడ్డవారిని ఏళ్ల తరబడి గమనించారు. వారిలో డిప్రెషన్, అధిక రక్తపోటు, లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే మరో జబ్బు) మామూలు జనంలో కంటే ఎక్కువగా కనిపించాయి. చాలామంది మతిమరుపు, ధ్యాస నిలవకపోవడం, త్వరగా అలసిపోవడం గురించి చెప్పారు. రిపోర్టులన్నీ బాగున్నాయి, ఇంకా ఈ నీరసం ఏమిటి అని ఇంట్లో ఎవరైనా అంటే ఆ మాట తనను చాలా బాధపెడుతుంది. మీ చెల్లెలు పాత మనిషిలా లేదని అనిపిస్తే అది బద్ధకం కాదు, నటన అసలే కాదు. డాక్టరుతో మాట్లాడాల్సిన విషయం. కోలుకున్నాక కూడా కత్తెర పనితనం తక్కువగా ఉండిపోయినవారిలో పక్షవాతం ముప్పు ఎక్కువని గత కొన్నేళ్లలో తెలిసింది. రక్తపోటు అదుపులో ఉంచుకోవడం అందుకే ముఖ్యం.

తలనొప్పి, మాట తడబడటం, చూపు మసకబారడం, కొత్తగా ఎర్రటి చుక్కలు లేదా కమిలిన మచ్చలు, మూత్రం ముదురు రంగులో రావడం, కళ్లు పచ్చబడటం, జ్వరంతో పాటు చెప్పలేనంత నీరసం. వీటిలో ఏది కొత్తగా కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించాలి. అన్ని లక్షణాలూ ఒకేసారి రావు. పాత పుస్తకాల్లో ఐదు లక్షణాలూ కలిసి ఉండాలని రాసేవారు, నిజానికి ఐదూ ఉన్న రోగులు చాలా తక్కువమంది. అవన్నీ వచ్చేదాకా చూద్దామంటే ఆలస్యం అవుతుంది.

రాత్రిపూట వెళ్లిన చోట తన చరిత్ర తెలిసినవాళ్లు ఉండకపోవచ్చు. ప్లేట్‌లెట్లు తక్కువ అనగానే చాలామందికి డెంగీయో మరొకటో గుర్తుకొస్తుంది, ఈ జబ్బు తట్టదు. అందుకని ఒక చిన్న కాగితం మీద ఇలా రాసి తన పర్సులో ఒకటి, మీ పర్సులో ఒకటి పెట్టుకోండి: ‘నాకు ఇమ్యూన్ టీటీపీ వచ్చి తగ్గింది. ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే స్మియర్‌లో చిరిగిన ఎర్రకణాలు ఉన్నాయేమో చూడండి. ప్లేట్‌లెట్లు ఎక్కించే ముందు మా హెమటాలజిస్టుకు ఫోన్ చేయండి.’ దాని కింద ఆయన ఫోన్ నంబరు, చివరిసారి చేసిన ఆడమ్‌టీఎస్-13 ఫలితం, తేదీ. ప్రతి పరీక్ష తర్వాత ఆ చివరి వరుస కొట్టేసి కొత్తది రాయండి.